వినయము – వెనుకంజ

పండిన కొమ్మ వంగును. అట్లే విద్యావంతుడు వినయముతో తల వంచును. భగవద్భక్తునకు వినయము సహజాలంకారము. శ్రీవైష్ణవ సంప్రదాయమునందు పెద్దలు తమను ‘అడియేన్’ అని, దాసుడనని చెప్పుకొనుట నేటికిని కలదు. కాని వంగిన ప్రతి కొమ్మయు పండినది కాదు. చీడ పట్టిన కొమ్మయు వంగును. దూరమునుండి చూచువారికి రెండును ఒక్క తీరుగనే కనిపించును. దగ్గరకు పోయి చూచిననే భేదము తెలియును.

జీవనోపాధికై మానవుడు చేపట్టిన వృత్తియందు ఈ భేదమును గుర్తించుట మిక్కిలి అవసరము. ఒక కచేరీయందు పది పదునైదు సంవత్సరములుగా ఒకే స్థానమున పనిచేయు ఉద్యోగి యుండును. నియమములన్నియు అతనికి కంఠస్థములు. క్లిష్టమైన దస్త్రము వచ్చినప్పుడు తోటివారు అతని చెంతకే పోయి సందేహము తీర్చుకొందురు. కాని పై అధికారులు సమావేశము జరిపినప్పుడు అతడు వెనుక వరుసయందు కూర్చుండును. తాను చెప్పదలచిన మాటనే వేరొకరు చెప్పగా తల యూపి ఊరకుండును. శాఖాపరీక్షకు రుసుము కట్టి, తీరా పరీక్షనాడు ఏదో కారణము చూపి మానును. తెలియని విషయము ఎదురైనచో, అడిగిన చులకన యగుదునని అడుగడు. క్రొత్త పని అప్పగించినచో ‘ఇది నా వలన కాదు, మరొకరికి ఇండు’ అనును. సంవత్సరములు గడచును. అతనికంటె తక్కువ తెలిసినవారు పైకి పోవుదురు. ఇంటివారు ‘మావాడు సాధువు’ అందురు. అతడును ‘దైవమిచ్చినది చాలు’ నని తన్ను తాను ఊరడించుకొనును.

ఇది వినయమా? లేక వినయవేషము ధరించిన భయమా? ఈ ప్రశ్న చిన్నది కాదు. అతని వెనుకంజ వలన నష్టపోవునది అతని జీతము మాత్రమే కాదు. అతనికి తెలిసిన న్యాయము సకాలమున చెప్పబడక, ఎవరో ఒక పేదవాని అర్జీ త్రోసివేయబడును. పిల్లలు తండ్రిని చూచి, వెనుక వరుసయే తమ స్థానమని నేర్చుకొందురు. భగవంతుడిచ్చిన శక్తి ఎవరికిని ఉపయోగపడక వ్యర్థమగును.

సముద్రతీరమున హనుమంతుడు

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండాంతమందు ఈ విషయమునకు చక్కని దృష్టాంతము కలదు. సీతాదేవి లంకయందున్నదని సంపాతి వలన తెలిసికొని వానరులు సముద్రతీరమున నిలిచిరి. నూరు యోజనముల సముద్రము ఎదుట నున్నది. ఎవరెంత దూరము దాటగలరని అంగదుడు అడుగగా ఒక్కొక్కరు తమ శక్తిని చెప్పిరి. ఒకరు పది యోజనములనిరి. ఒకరు ఇరువది యనిరి. వృద్ధుడైన జాంబవంతుడు తొంబది యోజనములు పోగలననెను. అంగదుడు తాను నూరు యోజనములు దాటగలనుగాని, తిరిగి రాగలనో లేదో యని సందేహించెను. ఈ సంభాషణ జరుగుచున్నంతసేపు హనుమంతుడు ఒక ప్రక్కన మౌనముగా కూర్చుండెను. పోయి రాగలవాడే మాటలాడక యుండెను. బాల్యమున ఋషుల శాపము వలన అతడు తన బలమును మరచియుండెననియు, మరియొకరు జ్ఞప్తి చేసినప్పుడే అది తిరిగి తెలియవచ్చుననియు ఉత్తరకాండము తెలుపుచున్నది.

జాంబవంతుడు హనుమంతునకు క్రొత్త బలము నీయలేదు. లేని గొప్పను కల్పించి పొగడలేదు. అతని జన్మవృత్తాంతమును, బాల్యమున సూర్యునికై ఎగిరిన సంగతిని జ్ఞప్తి చేసెను. వానరసేన యావత్తు అతనినే నమ్ముకొని చూచుచున్నదని చెప్పెను. అంతమాత్రముననే ఆ మౌని మహాకాయుడై నిలిచెను. తరువాత లంకయందు శత్రువుల నడుమ నిలిచి, తాను శ్రీరాముని దాసుడనని చాటెను. సముద్రము దాటుటకు దాస్యభావము అడ్డు రాలేదు. దాస్యమే అతనిని దాటించినది. అడ్డు వచ్చినది మరపు మాత్రమే.

ఇట్టి కథ విన్నప్పుడు కొందరు ‘అది దైవాంశము, సామాన్యులకు సాధ్యమా?’ అందురు. అట్టివారు గమనింపదగిన మరొక చరిత్ర ఇటీవలి కాలమున కలదు. ఒక వైష్ణవ గృహమున జన్మించి, వృత్తియందు తొలినాళ్ళలో పూర్తిగా ఓడిపోయి, ఆ ఓటమిని దాచక తన ఆత్మకథయందు వ్రాసికొన్న మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ చరిత్ర అది.

బొంబాయి న్యాయస్థానమున

గాంధీ 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. తల్లి పుత్లీబాయి వ్రతనిష్ఠ గల సాధ్వి. బాలునకు మాత్రము చీకటి యన్న భయము. దొంగలన్న, దయ్యములన్న, పాములన్న భయము. ఇంటి దాది రంభ అను నామె, భయము కలిగినప్పుడు రామనామము జపింపుమని అతనికి నేర్పెను. ఆ బీజము ఎన్నడును వృథా కాలేదని అతడు పెద్దయైన పిదప చెప్పుకొనెను. పాఠశాలయందు ఎవరితోను మాటలాడజాలక, విడిచిన వెంటనే ఇంటికి పరుగెత్తెడివాడు. ఎవరైన తనను చూచి నవ్వుదురేమోనని అతని బెదురు. చిన్ననాటి ఆ పరుగే క్రమముగా అలవాటై, వయస్సుతోపాటు పెరిగినది.

1888 సెప్టెంబరులో న్యాయశాస్త్రాభ్యాసమునకై అతడు లండనుకు బయలుదేరెను. ఓడయందు ఇంగ్లీషులో మాటలాడుటకు సిగ్గుపడి, భోజనశాలకు పోక, ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలతో, పండ్లతో తన గదియందే కాలము గడపెను. లండనులో శాకాహార సంఘమునకు కార్యవర్గ సభ్యుడయ్యెను. సమావేశములకు తప్పక పోయెడివాడు. నోరు మాత్రము విప్పెడివాడు కాడు. ఒకమారు ముఖ్యవిషయమున తన అభిప్రాయమును వ్రాసికొని పోయెను. అది చదువుటకు ధైర్యము చాలక పోగా అధ్యక్షుడు వేరొకరిచే చదివించెను. వెంట్నర్ అను ఊరి సభయందు ఒక్క కాగితమునకు మించని ప్రసంగమును చదువబోయి, కన్నులు చీకట్లు క్రమ్మి దేహము వణకగా, దానిని మిత్రునకిచ్చి కూర్చుండెను. 1891లో స్వదేశమునకు తిరిగి రానున్నప్పుడు మిత్రులకు విందు చేసి, సిద్ధపరచుకొన్న ప్రసంగము మొదటి వాక్యమునకు మించి సాగక, కృతజ్ఞత మాత్రము తెలిపి విరమించెను.

ఆ సంవత్సరమే బారిష్టరు పట్టముతో అతడు స్వదేశమునకు చేరెను. బొంబాయిలో చిన్న వ్యాజ్యముల కోర్టున మొదటి దావా దొరికినది. రుసుము 30 రూపాయలు. ప్రతివాది పక్షమున నిలిచి వాది సాక్షులను ప్రశ్నింపవలెను. యువ బారిష్టరు లేచి నిలిచెను. గుండె దిగజారినది, తల తిరిగినది, అడుగుటకు ఒక్క ప్రశ్నయు తోచలేదు. కూర్చుండి, ఈ వ్యాజ్యము తాను నడపలేననియు, వేరొక వకీలును పెట్టుకొమ్మనియు చెప్పి, తీసికొన్న రుసుమును తిరిగి ఇచ్చివేసెను. ఆ దావా గెలిచినదో ఓడినదో కూడ తెలిసికొనక కోర్టునుండి వెడలిపోయెను. ధైర్యము కలుగువరకు మరియొక వ్యాజ్యము చేపట్టరాదని నిశ్చయించెను. 75 రూపాయల జీతమునకు ఇంగ్లీషు ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు పెట్టగా, పట్టభద్రుడు కాడని వారు నిరాకరించిరి. కొన్ని నెలలకు బొంబాయి విడిచి రాజకోటకు చేరెను.

రాజకోటలో అన్నగారి ఆదరమున అర్జీలు, విజ్ఞప్తులు వ్రాయుటద్వారా నెలకు సుమారు 300 రూపాయలు లభించుచుండెను. ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. ఆ రోజులలో అది తక్కువ ఆదాయము కాదు. ఇల్లు, భార్యాబిడ్డలు చెంతనే యున్నారు. కోర్టులో లేచి నిలువవలసిన పని లేదు. తన అలవాటునకు సరిపడిన చోటు దొరికినది. ఇట్టి చోటు దొరికిన పిదప చాలమంది జీవితాంతము అక్కడనే ఆగిపోవుదురు. వెనుక వరుస ఎల్లప్పుడును కష్టముగా నుండదు, సుఖముగానే యుండును. అందుకే దానిని విడుచుట కష్టము. గాంధీకి మాత్రము ఆ ఊరి అధికారుల కొలువు, కుతంత్రములు రోత పుట్టించెను.

దక్షిణాఫ్రికాలో మార్పు

1893లో దక్షిణాఫ్రికాలోని ఒక వర్తక సంస్థకు చెందిన పెద్ద వ్యాజ్యమున సహాయపడుటకై ఒక సంవత్సరమునకు 105 పౌనుల వేతనముతో పిలుపు వచ్చినది. పేరునకు బారిష్టరే యైనను, అది నిజమునకు సేవకుని పని యని అతనికి తెలియును. ఐనను పోయెను.

వ్యాజ్యమంతయు జమాఖర్చుల లెక్కలపై ఆధారపడియున్నది. ఆ లెక్కలు అతనికి బొత్తిగా తెలియవు. కాగితములలో మాటిమాటికి ‘పి. నోటు’ అని కనిపించుచుండెను. నిఘంటువులో వెదకెను, దొరకలేదు. అప్పుడు గుమాస్తా చెంతకు పోయి తనకు తెలియదని ఒప్పుకొని అడిగెను. అది ప్రామిసరీ నోటని గుమాస్తా చెప్పెను. తరువాత లెక్కల పద్ధతిని తెలుపు పుస్తకము కొని చదువగా కొంత ధైర్యము కలిగెను. ఇది చూచుటకు అల్పవిషయము. కాని అజ్ఞానము బయటపడునని ఎల్లప్పుడు దాగియుండువానికి, ఒక గుమాస్తా ఎదుట నిలిచి ‘తెలియదు, చెప్పుము’ అనుట సముద్రలంఘనమే.

జూన్ 7వ తేదీ రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టు చేత నున్నను, దేహవర్ణము కారణముగా అతనిని రైలునుండి త్రోసివేసిరి. చలిలో వణకుచు ఆ రాత్రి ఆలోచించెను. స్వదేశమునకు తిరిగి పోవుటా? అవమానమును సహించి చేపట్టిన పని ముగించుటా? పని విడిచి పోవుట పిరికితనమని నిశ్చయించెను. పాఠశాల విడిచిన వెంటనే ఇంటికి పరుగెత్తిన బాలుడు ఆ రాత్రి పరుగెత్తలేదు.

ప్రిటోరియాకు చేరిన కొలది దినములలో అచ్చటి భారతీయులను సమావేశపరచి, వారి కష్టములను గూర్చియు, వర్తకమున సత్యము పాటించుటను గూర్చియు ప్రసంగించెను. అది తన జీవితమున మొదటి బహిరంగ ప్రసంగమని అతడు వ్రాసికొనెను. లండనులో కాగితము చూచి చదువలేనివానికి ఇచ్చట మాట ఎట్లు వచ్చినది? లండనులో అతని చూపు తనమీద నుండెను. ప్రిటోరియాలో ఎదుటివారి కష్టముమీద నిలిచెను. ఆ సభయందే, ఇంగ్లీషు నేర్చుకొనదలచినవారికి తాను నేర్పెదననెను. ముగ్గురు ముందుకు వచ్చిరి: ఒక మంగలి, ఒక గుమాస్తా, ఒక చిన్న దుకాణదారు. వారికి తీరిక యున్న వేళ వారి చోటికే పోయి నేర్పెను.

వ్యాజ్యమున కూడ అతడు కాగితములన్నియు చదివి, గుజరాతీ పత్రములను అనువదించి, ఉభయపక్షముల వాస్తవములను ఆమూలాగ్రము తెలిసికొనెను. వాస్తవములు చేతిలో నున్నచో న్యాయశాస్త్రమున ముప్పాతిక భాగము చేతిలో నున్నట్లేనని ఒక అనుభవజ్ఞుడైన న్యాయవాది వలన నేర్చుకొనెను. వాది, ప్రతివాది ఇరువురును బంధువులు, ఒకే ఊరివారు. ఖర్చులతో ఇరువురును నాశనమగుదురని గ్రహించి, మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. తన పక్షమునకు 37,000 పౌనులు, ఖర్చులు వచ్చునట్లు తీర్పు వచ్చినది. అంత ధనము ఒక్కమారు చెల్లింపవలసినచో ప్రతివాది దివాలా తీయును. వాయిదాలపై తీసికొనునట్లు తన పక్షమువారిని ఒప్పించుట మరింత కష్టమైనను సాధించెను. విడిపోయినవారిని కలుపుటయే న్యాయవాది ధర్మమని అతడు గ్రహించినది అప్పుడే. తరువాతి ఇరువది సంవత్సరముల వృత్తిలో అధికభాగము రాజీలు కుదుర్చుటయందే గడచెననియు, దానివలన ధనము కూడ నష్టపోలేదనియు చెప్పుకొనెను. బొంబాయిలో ఒక్క ప్రశ్న అడుగలేనివాడు 1894లో నేటాల్ సుప్రీంకోర్టునందు న్యాయవాదిగా చేరెను.

మారినది స్వభావము కాదు

ఇక్కడ ఒక విషయము విడువరాదు. గాంధీ బిడియము పూర్తిగా పోలేదు. అతడు గొప్ప వాగ్ధాటి గలవాడు ఎన్నడును కాలేదు. పైగా ఆ బిడియమే తనకు మేలు చేసినదని, మాటలను పొదుపుగా వాడుట నేర్పినదని తలచెను. మారినది స్వభావము కాదు; అలవాటు. మితభాషి మితభాషిగానే యుండవచ్చును. చెప్పవలసినప్పుడు చెప్పక పారిపోవుట మాత్రము మానవలెను.

మరియొకటి. పైకి రానివారందరు భయస్థులని తలచుట అన్యాయము. పక్షపాతము, పేదరికము, అనారోగ్యము ఎందరి దారినో మూసివేయుచున్నవి. రైలునుండి త్రోయబడుట గాంధీ దోషము కాదు. వృద్ధులైన తల్లిదండ్రుల సేవకై పదోన్నతితో కూడిన బదిలీని వదలుకొన్నవాడు ధర్మమునే పాటించుచున్నాడు. మరి తృప్తికిని భయమునకును భేదము తెలియుట ఎట్లు? దానికొక పరీక్ష కలదు. తృప్తుడు తోటివాని ఉన్నతిని చూచి సంతోషించును. భయస్థుడు లోలోపల కుమిలిపోవును. తృప్తుడు చెప్పిన కారణము తొలగినచో ముందడుగు వేయును. భయస్థుడు ఒక కారణము తొలగగనే మరియొకటి వెదకుకొనును. ఎవరికి వారు ఏకాంతమున వేసికొనదగిన పరీక్ష యిది.

సంప్రదాయమునందలి నైచ్యానుసంధానము భగవంతుని ఎదుట తన అల్పత్వమును విన్నవించుకొనుట. అది కర్తవ్యమునుండి తప్పించుకొను సాకు కాదు. భగవద్రామానుజులు తిరుక్కోట్టియూరు నంబి చెంత రహస్యార్థమును పొందుటకై పదునెనిమిది మారులు పోయిరని గురుపరంపర చెప్పుచున్నది. మరల మరల అడుగుటకు వారు సిగ్గుపడలేదు. పొందిన పిదప, తాను నరకమునకు పోయినను పదిమంది తరించిన చాలునని, దానిని అందరికిని వినిపించిరి. తనకొరకు ఏమియు కోరనివానికి ఇతరులకొరకు ఎంతటి ధైర్యము కలుగునో దీనివలన తెలియుచున్నది. అర్జునుడును యుద్ధారంభమున విల్లు క్రిందపెట్టి దయను గూర్చి మాటలాడెను. భగవానుడు దానిని దయగా స్వీకరింపలేదు, హృదయదౌర్బల్యమని గుర్తించెను.

ఆచరణ

అలవాటు ఒక్క దినమున పుట్టలేదు. ఒక్క దినమున పోదు. చిన్న పనులతోనే దానిని జయింపవలెను. తెలియని విషయము ఎదురైన దినముననే, తనకంటె చిన్నవానినైనను అడిగి తెలిసికొనవలెను. చేతనున్న పనులలో ఒక్కదానినైన, మరియెవ్వరికి తెలియనంత లోతుగా తెలిసికొనవలెను. ధైర్యము వచ్చిన పిదప పని చేయుదునని కూర్చుండరాదు. లెక్కల పుస్తకము చదివిన పిదపనే గాంధీకి ధైర్యము వచ్చినది గాని, ధైర్యము వచ్చిన పిదప పుస్తకము చదువలేదు. తనకొరకు మాటలాడుటకు నోరు రానివాడు తొలుత తోటివానికొరకు మాటలాడవలెను. ఒక క్రింది ఉద్యోగికి రావలసిన సెలవును గూర్చియో, ఒక అర్జీదారునకు జరిగిన ఆలస్యమును గూర్చియో సమావేశమున ఒక్క వాక్యము చెప్పినను చాలును. ఓడిపోయినచో, రుసుము తిరిగి ఇచ్చిన యువ బారిష్టరువలె నిజాయితీతో ఒప్పుకొనవలెను. ఓటమి అపకీర్తి కాదు. దానిని కప్పిపుచ్చుకొనుటకై జీవితమంతయు దాగియుండుటయే నష్టము.

ఇంటివారికిని ఇందు కర్తవ్యము కలదు. వెనుకంజ వేయువానిని ‘చేతకానివాడు’ అని నిందించుట ఎంత తప్పో, ‘సాధువు’ అని బుజ్జగించుటయు అంతే తప్పు. జాంబవంతుని మార్గము ఈ రెండును కాదు. అతడు ఉన్న శక్తిని ఉన్నట్లు చెప్పెను. భార్య భర్తకు, భర్త భార్యకు, తల్లిదండ్రులు బిడ్డలకు అట్లే చెప్పవలెను. ‘నాడు ఆ కష్టమైన పని నీవే చేసితివి, నీవు చెప్పిన మాటయే తరువాత నిజమైనది’ అని జరిగినదానిని జ్ఞప్తి చేయవలెను. అతని సేవ ఎవరికి అవసరమో చూపవలెను.

శక్తిని ఇచ్చినవాడు భగవంతుడని నమ్మినవాడు, ‘నాకు శక్తి లేదు’ అని ఊరక చెప్పుటకు పూర్వము ఒక్కమారు ఆలోచింపవలెను. ఉదయమున దీపము వెలిగించి నమస్కరించునప్పుడు, ఆ దినమున తాను తప్పించుకొనదలచిన పని ఏదియో గుర్తించి, దానినే మొదట చేయుదునని స్వామి ఎదుట సంకల్పించుకొనవలెను. ఫలము ఆయనదే. వెలిగించిన దీపమును మూలన దాచక పదిమందికి వెలుగు పడు చోట నుంచుట మాత్రము మానవుని పని.